కోరల చేపను నీటికి అప్పగించుట

చేపను పట్టువాడు తినుటకో అమ్ముటకో పట్టుననియే మన తీరవాసులు తరతరములుగా ఎరుగుదురు. చిక్కిన చేపను మరల నీటిలో విడుచుట కొరకే ఒకడు వేలకొలది రూపాయల సామగ్రిని భుజమున వేసికొని, మోకాలిలోతు ఉప్పునీటిలో మండుటెండకు మాడుచు నిలుచుండునని చెప్పినచో, ఉప్పాడ యొడ్డున వల బాగుచేసికొనుచున్న జాలరి నవ్వక మానడు. ఆ నవ్వునందు కొంత న్యాయము లేకపోలేదు. అయినను అమెరికా దేశపు ఆగ్నేయాగ్రమందలి ఫ్లోరిడా కీస్ ద్వీపమాలికయందును, దానికి తూర్పుగా నున్న బహామా దీవులయందును ఈ వినోదము ఒక విద్యగా వృద్ధిపొంది, పడవ నడుపు మార్గదర్శకులకు జీవనోపాధియై, శాస్త్రజ్ఞుల పరిశోధనలకు విషయమై నిలిచినది. ఆ విద్యలో మిక్కిలి కఠినమైన ఘట్టము చేపను పట్టుట కాదు. పట్టిన చేప నోటినిండ కోరలున్నప్పుడు తన వ్రేళ్లకు హాని లేకుండ, దాని ప్రాణమునకు హాని లేకుండ దానిని సాగనంపుట.

తినదగిన చేపను విడుచుట యేమి వివేకమని అడుగువారికి బారకూడా విషయమున సమాధానము సులభము: ఆ ప్రాంతములందు బారకూడా అను ఈ కోరల చేపలలో పెద్దదానిని తినుట ప్రమాదము. పగడపు దిబ్బలపై పెరుగు నాచును ఆశ్రయించి గాంబియర్‌డిస్కస్ అను సూక్ష్మజీవి యొకటి యున్నది. దానివలన పుట్టు విషము నాచును మేయు చిన్న చేపలలోనికిని, వానిని తిను పెద్ద చేపలలోనికిని, తుదకు ఆ పెద్ద చేపలను మ్రింగు బారకూడా మాంసములోనికిని చేరి, మెట్టుమెట్టునకు చిక్కబడును. ఉడికించినను వేయించినను, మంచులో గడ్డకట్టించినను అది నశింపదు. రుచిచేతగాని వాసనచేతగాని తెలియదు. దానిని తిన్నవారికి వాంతులు, విరేచనములు, పెదవుల తిమ్మిరి కలుగుటయేగాక, చల్లని వస్తువును తాకినప్పుడు కాలినట్లు తోచుట యను విపరీతలక్షణము వారములకొలది పీడించుటయు కలదు. ఈ వ్యాధికి సిగ్వాటెరా అని పేరు. 1774వ సంవత్సరమున కెప్టెన్ కుక్ నావికులు నేటి వనువాటు దీవులయొద్ద ఎర్రచేపలను తిని పడిన బాధ ఇదియేయని తరువాతివారు భావించిరి.

రెండవ కారణమును చెప్పవలెను. విషపు చేపయని యెవరును పట్టించుకొనకుండ విడిచిన బారకూడాయే ఫ్లోరిడా కీస్ నీళ్లలో తగ్గిపోవుచున్నదని మార్గదర్శకులును, మునిగి చూచువారును చెప్పగా, ఆ రాష్ట్రపు మత్స్యపరిరక్షణాధికారులు 2015లో దక్షిణ ఫ్లోరిడా జిల్లాలలో మనిషికి రోజునకు రెండు చేపలకు మించి ఉంచుకొనరాదని కట్టడి చేసిరి. అంతకుముందు ఈ చేపకని ప్రత్యేకమైన పరిమితియే లేదు! చేపను చూచి ఆనందించు యాత్రికుడు ఊరికి తెచ్చు ధనము, దానిని ఒక్కసారి కోసి అమ్మినందువలన వచ్చు ధనమునకంటె ఎక్కువయని గ్రహించిన పల్లెలు ప్రపంచమున ఇప్పుడు చాల కలవు.

ఇక ఫ్లై ఫిషింగ్ అనబడు పద్ధతిని రెండు మాటలలో వివరించి ముందునకు సాగెదను. సామాన్యమైన గాలపువేటలో బరువుగల ఎరయో సీసపుగుండో దారమును లాగికొనిపోవును. ఇందులో ఎర అనునది ఈకలు, వెండ్రుకలు, కృత్రిమతంతువులు గాలమునకు చుట్టి కట్టిన బొమ్మ. దానికి బరువు లేదు. బరువంతయు మందపాటి దారమునందే యుండి, బెత్తము ఊపుచేత ఆ దారము గాలిలో ఉంగరము చుట్టుచు సాగి, బొమ్మను దూరముగా దింపును. లెఫ్టీ క్రే అను అమెరికను వేటగాడు కల్పించిన డిసీవర్ అను బొమ్మకు 1991లో ఆ దేశపు తపాలాబిళ్లపై స్థానము దొరికినదనిన, ఈ కట్టుబడి అక్కడివారికి ఎంత గౌరవపాత్రమో తెలియును. బారకూడాకై సాధారణముగా సూదిముక్కు చేపను పోలిన పొడవైన ఆకుపచ్చని బొమ్మను కట్టుదురు. బెత్తమును చంకలో ఇరికించుకొని రెండుచేతులతోను దారమును వీలైనంత వేగముగా లాగినగాని ఆ చేపకు ఆసక్తి పుట్టదు. మెల్లగా కదలు ఎరను అది వెంబడించి చూచి, విమర్శకునివలె తిరస్కరించి పోవును.

కోరల చేపల పండ్లలో భేదములు కలవు. బారకూడాకు దవడ అంచున చిన్నవియు పదునైనవియునగు పండ్ల వరుస యొకటి, దానిలోపల పెద్ద కోరల వరుస మరియొకటి యుండి, నోరు మూసినప్పుడు ఆ కోరలు ఎదుటి దవడయందలి గుంతలలో దూరి కూర్చుండును. అమెరికా తూర్పుతీరమున గుంపులుగా తిరుగు బ్లూఫిష్‌కు ఒకటే వరుసయైనను, దవడల బలము మిక్కుటము. ఒడ్డున పడిన తరువాత గూడ అందిన వ్రేలిని కొరుకుటకై తల త్రిప్పుట దాని స్వభావము. కింగ్ మాకెరల్ అనునది మన విశాఖ, కాకినాడ విపణులలో అమ్ము వంజరమునకు సోదరజాతి. దాని పండ్లు చదునైన త్రికోణములై కోతకే పుట్టినట్లుండును. వంజరమును వలనుండి తీయు మన జాలరి దాని ముట్టె దగ్గరకు చేయి పోనీయకపోవుట ఎవరో నేర్పిన విద్య కాదు. సొరచేపను గురించి వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ కోరలవలన మనుష్యునకు కలుగు గాయము నిజమే కాని, చేపకు కలుగు నష్టము అంతకంటె పెద్దదని నా యభిప్రాయము. ఏలయనగా కోరలను చూచి భయపడినవాడు రెండు తప్పులలో ఒకటి చేయును: దూరముగా నిలిచి తటపటాయించుచు కాలము గడుపును, లేదా ధైర్యము తెచ్చుకొని చేపను పడవ అడుగున పడవేసి కాలితో అదిమి, నలిపి, గాలమును పెరికివేయును. గాలపు గాయమున చచ్చు చేపలు కలవు. వేటగాని చేతిలో గడచు ఆ రెండు మూడు నిమిషములవలన చచ్చునవియు కలవు. ఆ నిమిషములను సెకనులుగా తగ్గించు ఉపాయములన్నియు చేప చిక్కకముందే, మరి చెప్పవలెననిన గడప దాటకముందే చేయవలసినవి.

మొదటిది తీగ. నైలాను దారమెంత లావైనను బారకూడా పంటికింద ఒక్క క్షణము నిలువదు. అది తెగినచో చేప పోవుటయేగాక, నోటిలో గాలముతో పోవును. కావున ఎరకు ముందు 10 నుండి 15 సెంటీమీటర్ల లోహపుతీగను కట్టుట చేపను పట్టుటకు మాత్రమే కాదు, దానిని గాలము లేకుండ తిరిగి పంపుటకును మొదటి సాధనము. ఒంటిపోగు ఉక్కుతీగ సన్నమై గట్టిదేకాని, ఒక చేప పోరాటముతో మెలికపడి పనికిరాకుండ పోవును. టైటానియపు తీగ సాగుచు, మెలికపడక, చాల చేపలకు వచ్చును, ధరయే ఎక్కువ. తీగ పొడవు విషయమున గొప్పలకు పోరాదు, తేటనీటిలో బారకూడా చూపు అతి నిశితము. 1939లో స్థాపితమైన అంతర్జాతీయ గేమ్ ఫిష్ సంఘమువారు తమ ఫ్లై ఫిషింగ్ రికార్డులకు ఎరముందరి ఈ రక్షణభాగము 12 అంగుళములు, అనగా రమారమి 30 సెంటీమీటర్లు, మించరాదని నియమించిరి. తీగకును దారమునకును నడుమ మెరయు ఇత్తడి కడియములను వేయువారు కలరు. ఆ మెరుపును చూచి వేరొక చేప దానినే కొరికి దారము తెంపును గనుక నల్లనివైన మేలు, అసలు లేకున్న మరియు మేలు.

రెండవది గాలపు మొనయొద్దనుండు ఎదురుముల్లు. దానిని పట్టకారుతో నొక్కి చదును చేయవలెను. ఇట్లు చేసినచో చేప జారిపోవునని వేటగాండ్రకు శంక. దారమును బిగువుగా నుంచువానికి జారునవి బహుస్వల్పము. ముల్లు లేని గాలము ఒక్క త్రిప్పుతో వచ్చివేయును, చేయి కోరలకు చేరువగా నుండు కాలము తగ్గును. ఇందులో స్వార్థమును లేకపోలేదు: బారకూడా తల విదిలించి ఉమ్మివేసిన బొమ్మ వేటగాని ముఖముమీదికే తిరిగి వచ్చుటయు కలదు, అప్పుడు చెంపలో గుచ్చుకొన్న గాలమునకు ముల్లున్నదా లేదా యను ప్రశ్న అతనికి చాల ముఖ్యముగా తోచును. కంటికి అద్దములు లేకుండ ఈ వేటకు పోరాదనుటయు అందుకే. మూడు కొక్కెముల గాలము ఫ్లై కట్టుబడిలో అరుదు, ఉన్నచోట విసర్జింపదగినది. తుప్పుపట్టని స్టెయిన్‌లెస్ గాలమునకంటె తుప్పుపట్టు గాలమే, నోటిలో మిగిలిపోయినపుడు, చేపకు త్వరగా విముక్తి నిచ్చును. న్యూజెర్సీ తీరవాసి బాబ్ పోపోవిక్స్ బ్లూఫిష్ పండ్లకు చిరిగిపోవు బొమ్మలతో విసిగి, తంతువులపై పారదర్శకమైన ఎపాక్సీ జిగురును పూసి గట్టిపరచు పద్ధతిని ప్రచారమునకు తెచ్చెను. ఒక్క బొమ్మతో పలు చేపలను పట్టుటకు అది యుపకరించినది.

పోరాటమును గూర్చి సంగ్రహముగా చెప్పెదను. సన్నని బెత్తముతో పెద్ద చేపను గంటసేపు ఆడించుట శూరత్వమని తలచువారున్నారు. నా దృష్టిలో అది హింసయే. చేప తన శక్తినంతయు వెచ్చించునప్పుడు కండరములలో ఆమ్లము పేరుకొనును, రక్తములో ప్రాణవాయువు తగ్గును. ఎండకాలపు వెచ్చని నీటిలో ప్రాణవాయువే తక్కువగుటచే కోలుకొనుట మరింత ఆలస్యమగును. బెత్తముల బలమును తెలుపు అంకెలలో తొమ్మిదో పదో గల బెత్తమును తీసికొని, దానిని నిలువుగా ఎత్తక ప్రక్కకు వంచి, చేప ఎటు తిరుగునో అందుకు ఎదురుగా లాగినచో పని త్వరలో ముగియును.

ఇప్పుడు చేప పడవ ప్రక్కకు వచ్చినది. ఇక్కడ చేయవలసినదానిని ఒక్క మాటలో చెప్పవచ్చును: దానిని నీటిలోనే ఉంచుము. పొడవైన ముక్కుగల పట్టకారు, తీగను కోయు కత్తెర రెండును నడుమునకు కట్టుకొనియే యుండవలెను. పెట్టె అడుగున వెదకువాని కోసము చేప ఊపిరి పట్టి యుండదు. ఎడమచేత తీగను గాక దారమును పట్టి తలను నిలకడగా నుంచి, కుడిచేత పట్టకారుతో గాలపు వంపును అందుకొని, గుచ్చుకొన్న దారినే వెనుకకు త్రిప్పినచో ముల్లులేని గాలము ఊడును. తీగను చేతికి చుట్టుకొనుట మహాప్రమాదము. చేప ఒక్కసారి ఉరికినచో అది వ్రేళ్లను కోయగలదు. చేపను పట్టుకొనవలసివచ్చినప్పుడు తడిచేతితో, లేదా తడిసిన తొడుగుతో, తోక మొదటనున్న సన్నని భాగమును పట్టి, రెండవచేతిని పొట్టక్రింద ఆనించవలెను. పొడిచేయి, పొడిగుడ్డ, ముతక నూలువల చేప ఒంటిమీది జిగురుపొరను తుడిచివేయును. ఆ పొర వట్టి బంక కాదు, నీటిలోని సూక్ష్మజీవులనుండి చేపను కాపాడు కవచము. వల వాడవలెనన్న ముడులులేని రబ్బరువల మంచిది. మొప్పలలోనికి వ్రేళ్లను దూర్చి ఎత్తుట బారకూడా విషయమున రెండువిధముల దోషము: మొప్పల అంచులు వ్రేళ్లను గీయును, వ్రేళ్లు మొప్పలను చింపును, మొప్ప చిరిగిన చేప రక్తము కారి చచ్చును.

దవడను పట్టు లోహపు కొక్కెములు ఇప్పుడు విరివిగా దొరుకుచున్నవి. కోరలకు చేయి దూరముగ నుండునట్లు అవి యుపకరించుట నిజము. కాని వానితో చేపను నిలువుగా వ్రేలాడదీసి బరువు చూచుట తగదు. జీవితమంతయు నీరు మోసిన దేహమునకు వెన్నెముకమీదను, దవడ కీలుమీదను తన బరువంతయు ఒక్కసారి పడుట కొత్త. సొరచేపకు ఇది మరియు చెరుపు. దాని యస్థిపంజరము మృదులాస్థి, మన ప్రక్కటెముకలవంటి గట్టి గూడు లేకపోవుటచే గాలిలో దాని అంతరవయవములకు ఆధారము చాలదు.

గాలిలో నుంచుట ఎంత చెరుపో కొలిచిచూచినవారు కలరు. 1992లో కెనడాలో ప్రకటితమైన ఒక పరిశీలనలో రెయిన్‌బో ట్రౌట్ అను మంచినీటి చేపలను అలసిపోవువరకు తరిమి, కొన్నిటిని గాలిలో ఉంచక, కొన్నిటిని 30 సెకనులు, కొన్నిటిని 60 సెకనులు గాలిలో ఉంచి, 12 గంటలు గమనించిరి. గాలి తగలనివానిలో నూటికి 12, అరనిమిషము తగిలినవానిలో 38, నిమిషము తగిలినవానిలో 72 మరణించెను. రక్తపరీక్షకై ఆ చేపలకు ముందే గొట్టములు అమర్చియుండుటచే సంఖ్యలు హెచ్చినవని చెప్పుటకు అవకాశమున్నది, జాతియు వేరు. కావున ఈ అంకెలనే బారకూడాకు అంటగట్టరాదు. అయినను కారణము మాత్రము అన్నిటికి సమానము. మొప్పలయందలి పలుచని రేకులు నీటిలో విడివిడిగా తేలుచుండును. గాలిలోనికి రాగానే అవి తడిసిన పుస్తకపు పుటలవలె ఒకదానికొకటి అంటుకొని, ప్రాణవాయువును గ్రహింపలేని స్థితికి వచ్చును. పరుగెత్తి పరుగెత్తి వగర్చువాని ముక్కును మూసినంత పని.

అందుచేత ఛాయాచిత్రమును గూర్చి నేను కొంత కఠినముగా పలుకక తప్పదు. తన ఘనత లోకమునకు తెలియవలెనని ఒకడు చేపను ఎత్తి, అది జారిపడగా మరల ఎత్తి, వెలుగు చాలలేదని స్నేహితుడు చెప్పగా తిరిగి నిలిచి, చివరకు పాలిపోయిన చేపను దయాళువువలె నీటిలో విడుచుట తరచుగా జరుగును. చిత్రము కావలెనన్న చేప నీటిలో నుండగనే కెమెరాను సిద్ధము చేసి, నీరు కారుచుండగనే, నీటికి జానెడు ఎత్తున, ఒక్కసారి తీసి దింపవలెను.

విడుచుటయందును విధానము కలదు. చేపను ప్రవాహమునకు ఎదురుగా నిలిపి, నోటిగుండ నీరు మొప్పలలోనికి పోనిచ్చి, అది నిటారుగా నిలువగలిగి, తోకతో మన చేతిని త్రోయునంతవరకు ఆగవలెను. ముందునకును వెనుకకును ఊపువారు పొరబడుచున్నారు. వెనుకకు లాగినప్పుడు మొప్పలకు నీరు పోవలసిన దారిన పోదు. కింగ్ మాకెరల్ వంటి చేపలు ఈదుచు నోరు తెరచుకొనియే ఊపిరి పీల్చును, నిలిచిన చోట పీల్చుట వానికి కష్టము. వానిని చేతిలో లాలించుటకంటె తల ముందుగా నీటిలోనికి వడిగా దూర్చి విడుచుట మేలని అనుభవజ్ఞుల పద్ధతి.

చేప కనుమరుగైనంతమాత్రమున పని ముగిసినట్లు కాదు. బహామాలోని ఎల్యూథెరా దీవిలో బోన్‌ఫిష్ అను చేపలపై జరిపి 2007లో ప్రకటించిన పరిశోధనలో, విడిచిన తరువాత ఒరిగిపోయి సమతూకము కోల్పోయిన చేపలు, నిటారుగా ఈదినవానికంటె ఆరురెట్లకు పైగా ఇతరజంతువుల పాలైనట్లు తేలినది. ఆ ఇతరజంతువులలో లెమన్ సొరలును, బారకూడాయు కలవు. బోన్‌ఫిష్‌కు యమునివంటి బారకూడా తానే అలసిపోయినపుడు సొరచేపకు సులభమైన భోజనమగును. సొరలు తిరుగుచున్న చోట వేట కట్టిపెట్టి పడవను వేరొక చోటికి నడుపుటయే ఉత్తమము. చేప చిక్కియున్నప్పుడు సొర కనబడినచో దారమును సడలించి చేపకు పరుగెత్తు స్వేచ్ఛనైన ఇవ్వవలెను.

గాలము గొంతులోనికి దిగిపోయినపుడు దానిని పెరుకుటకు ప్రయత్నింపక, తీగను వీలైనంత లోపలగా కోసి విడిచినచో చేప బ్రతుకు అవకాశమెక్కువ. బొమ్మ పోవునే యను చింత వలదు.

చేయి కొరుకుడు పడినచో వెంటనే మంచినీటితోను సబ్బుతోను బాగుగా కడిగి, గాయమును గట్టిగా నదిమి రక్తమును ఆపి, ధనుర్వాతపు సూదిమందు విషయమై వైద్యునడుగవలెను. వెచ్చని ఉప్పునీటిలో విబ్రియో వల్నిఫికస్ అను సూక్ష్మజీవి యుండును; గాయముద్వారా అది దేహమున ప్రవేశించినచో కాలేయవ్యాధి గలవారికిని, రోగనిరోధకశక్తి తగ్గినవారికిని ప్రాణాంతకము కాగలదు. గాయము చుట్టు ఎరుపు, వాపు, నొప్పి గంటగంటకు పెరుగుచున్నచో ఉదయమువరకు ఆగరాదు.

ఫ్లోరిడా, టెక్సాస్ తీరములకు సెలవులకు పోవు మన తెలుగువారు ఇప్పుడు అనేకులు గాలము పట్టుచున్నారు. వేటకు అనుమతిపత్రము, చేపకు పొడవు పరిమితి, రోజునకు సంఖ్య పరిమితి ఒక్కొక్క రాష్ట్రమున ఒక్కొక్క విధముగా నుండును. అవి మారుచుండును గనుక బయలుదేరుటకు ముందు ఆ రాష్ట్రపు మత్స్యశాఖ ప్రకటనను చదువవలెను. ఫ్లోరిడాలో 2019 నుండి సొరచేపల వేటగాండ్రు తీగనో గాలమునో వెంటనే కోయగల సాధనమును దగ్గర నుంచుకొనుట చట్టప్రకారము విధియైనది. పట్టరాదని నిషేధించిన సొరలను నీటిలోనుండి తీయకుండనే విడువవలెననియు నియమమున్నది. బారకూడా వేటగానికి అట్టి చట్టము లేదు. అయినను కత్తెరయు, పొడవుముక్కు పట్టకారును నడుమున లేనివాడు కోరల చేపకు ఎర విసరుటకు ఇంకను అర్హుడు కాడు.